స్పోర్ట్స్ కారు టైరు పంక్చర్ అయితే: స్టెప్నీ లేనప్పుడు ఏం చేయాలి?

"స్టెప్నీ కనపడటం లేదు, ఎక్కడ పెట్టి ఉంటారు?" స్పోర్ట్స్ కారు కొత్తగా కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అదీ ఇంట్లో తీరిగ్గా కూర్చుని అడగరు. రోడ్డు పక్కన నిలబడి, వెనకాల లారీల హోరు వినిపిస్తుండగా ఫోనులో అడుగుతారు. స్టెప్నీ లేదు అంటే నమ్మరు. పోర్షె 911, 718 ల ముందు డిక్కీ తెరిస్తే ఒక సీసా, ఒక చిన్న కంప్రెసర్, కొన్ని పనిముట్లు ఉంటాయి. అంతే. మన దేశంలో 2020లో నిబంధనలు సవరించి, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ, రిపేరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. కాబట్టి కంపెనీతో పోట్లాడి లాభం లేదు.

ముందుగా ఒక మాట. మేకు చేసేది చిన్న కన్నం. టైరు పూర్తిగా పోవడం, రిమ్ము వంగడం, కారు అడుగు అంచు పగలడం, బ్రేకు డిస్కు పెచ్చు లేవడం వంటివి ఎక్కువగా ఆ తర్వాతి పావుగంటలో మన తొందర వల్ల జరిగేవే. అందుకే ఇందులో "చేయండి" కంటే "చేయకండి" ఎక్కువ కనిపిస్తుంది. నేను బాగా ఎరిగినవి 911, 718 కాబట్టి అంకెలు వాటికి దగ్గరగా ఉంటాయి. మీ కారు వేరేదైతే దానితో వచ్చిన పుస్తకంలోని అంకెనే నమ్మండి.

కారులో ఉండాల్సినవి

ఈ రోజే డిక్కీ తెరిచి చూసుకోండి.

- టైరు సీలెంట్ సీసా, అంటే కన్నాన్ని లోపలి నుంచి మూసే జిగురు ద్రవం. దాని మీద గడువు తేదీ ఉంటుంది. గడువు దాటితే ద్రవం గడ్డకట్టి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. పాత కారు కొన్నవాళ్ల సీసాల్లో చాలావరకు ఇలా చచ్చిపోయినవే.
- కారు సాకెట్ నుంచి కరెంటు తీసుకునే కంప్రెసర్. ఒకసారి ఇంటి దగ్గరే ఆడించి చూడండి.
- లాకింగ్ బోల్టు తాళం. ప్రతి చక్రానికీ ఒక బోల్టు మామూలు పానాకు లొంగదు. దాన్ని విప్పేందుకు ప్రత్యేకమైన చిన్న సాకెట్ ఉంటుంది. సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్న ప్రతిసారీ అది తిరిగి వచ్చిందో లేదో చూసుకోండి.
- బంపరులో మర తిప్పి బిగించే లాగుడు కొక్కెం.
- గాలి ఒత్తిడి చూసే చిన్న గేజి, టార్చి, మందపాటి చేతి తొడుగులు, మెరిసే జాకెట్, హెచ్చరిక త్రికోణం.
- ఒకటిన్నర అంగుళం మందం, మూరెడు పొడవున్న చెక్క ముక్కలు రెండు. ఇవి దేనికో తర్వాత చెబుతాను. ఇవి పెట్టుకోమంటే అందరూ నవ్వుతారు.

1. ఆపండి, కానీ ఎక్కడ పడితే అక్కడ కాదు

ముందు టైరు పోతే స్టీరింగు బరువెక్కి ఒక పక్కకు లాగుతుంది. వెనక టైరు పోతే కారు తోక వదులైనట్టు ఊగుతుంది. రెండింటిలోనూ బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగును రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, వేగం దానంతట అదే తగ్గనివ్వండి.

ఇక నీడ కోసమో టీకొట్టు కోసమో కిలోమీటరు ముందుకు పోకండి. 911 లోనే 992 తరం కరేరా ఎస్ వెనక టైరు కొలత 305/30 ఆర్21. అంటే రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా ఉన్న రబ్బరు ఎత్తు సుమారు 92 మిల్లీమీటర్లు, అరచేతి వెడల్పంత. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకు వేసే 165/80 ఆర్14 టైరులో అది 132. గాలి పోయాక ఆ కాస్త రబ్బరు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగిపోతుంది. కొద్ది దూరం నడిపినా సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, లోపల చిరిగి, బాగుచేయగలిగిన టైరు పారేయాల్సినదవుతుంది.

అయితే మలుపు మీద, వంతెన మీద, రోడ్డు మధ్యలో ఉంటే ఈ లెక్క వదిలేయండి. మనిషి నడిచే వేగంతో సురక్షితమైన చోటికి వెళ్లండి. టైరు పోతే పోనివ్వండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. అక్కడ ఆగిన కారు వెనక కూర్చోవడమంత పొరపాటు లేదు. హజార్డ్ లైట్లు వేయండి, అందరినీ ఎడమ వైపు నుంచి దింపి రెయిలింగు అవతల నిలబెట్టండి, త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి. జాతీయ రహదారి మీద అయితే 1033 కు ఫోను చేయండి. కుడి చక్రం పోయి, మీరు కూర్చుని పని చేయాల్సిన చోటు రోడ్డు వైపే ఉంటే అక్కడ ఏమీ చేయకండి, సాయం వచ్చేదాకా ఆగండి.

2. చేయి పెట్టే ముందు చూడండి

ఈ టైర్లు గాలి పోయినా పోనట్టే నిలబడతాయి. కంటికి తెలియకపోతే అవతలి వైపు టైరుతో పోల్చి చూడండి. తర్వాత టార్చితో టైరంతా వెతకండి. స్టీరింగు తిప్పితే ముందు చక్రం బయటికి కనిపిస్తుంది. వెనకదానికి కారును ఒక అడుగు ముందుకు జరపాల్సి రావచ్చు.

మేకో మర మేకో కనిపిస్తే దాన్ని పీకకండి. పట్టకారుతో లాగి "ఇదిగో దొంగ దొరికాడు" అని ఫొటో పంపేవాళ్లున్నారు. ఆ దొంగే అప్పటిదాకా కన్నానికి బిరడాగా ఉన్నాడు.

ఇక మీ దారి ఏమిటో ఇక్కడే తేల్చుకోండి.

గాలి మెల్లగా దిగుతోందా? డాష్‌బోర్డు మీద గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 27 చూపిస్తూ, పది నిమిషాలైనా పెద్దగా తగ్గకపోతే సీలెంట్ జోలికే వెళ్లకండి. కంప్రెసర్‌తో గాలి నింపి, నెమ్మదిగా దగ్గరలోని మంచి టైరు షాపుకు వెళ్లండి. మధ్యలో ఆగి మళ్లీ నింపుకోవచ్చు. చాలా పంక్చర్లు ఈ రకానివే. సీసా ఉంది కదా అని వాడేసి, తర్వాత టైరు లోపల జిగురు కడిగించుకునే శ్రమ ఎందుకు?

కన్నం రోడ్డును తాకే భాగంలో ఉందా, సుమారు 4 మిల్లీమీటర్లకు మించలేదా, గాలి లేకుండా కారు నడపలేదా? అప్పుడు సీలెంట్ పనిచేస్తుంది. మూడో మెట్టుకు వెళ్లండి.

సైడ్‌వాల్‌లో కోత ఉన్నా, ఉబ్బు ఉన్నా, గుంతలో పడి రిమ్ము వంగినా, టైరు రిమ్ము నుంచి ఊడినా సీలెంట్ వృథా. నాలుగో మెట్టు.

గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైరేమో కూడా చూడండి. సైడ్‌వాల్ మీద మిషెలిన్ అయితే జెడ్‌పీ, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్, డన్‌లప్ అయితే డీఎస్‌ఎస్‌టీ, బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టీ, గుడ్‌ఇయర్ అయితే ఆర్‌ఓఎఫ్ అన్న అక్షరాలు ఉంటాయి. నిస్సాన్ జీటీ-ఆర్ ఇలాంటి టైర్లతోనే వచ్చేది. షెవర్లే కొర్వెట్ కూడా అంతే, అందుకే అమెరికాలో దాన్ని నడిపే మనవాళ్లకూ స్టెప్నీ దొరకదు. సైడ్‌వాల్ దెబ్బతినకపోతే గాలి లేకుండానే గంటకు 80 కిలోమీటర్లు మించకుండా సాధారణంగా 80 కిలోమీటర్ల దాకా వెళ్లవచ్చు. వెళ్లగలిగినంత దూరం అని కాదు, దగ్గరలోని షాపు దాకా అని అర్థం చేసుకోండి.

3. సీలెంట్ వేయడం

కిట్లు రెండు రకాలు. ఒకదానిలో సీసా కంప్రెసర్‌కే తగులుకుంటుంది, ద్రవమూ గాలీ కలిసి వెళ్తాయి. రెండోదానిలో ముందు ద్రవాన్ని చేత్తో పిండి, తర్వాత గాలి కొట్టాలి. చిక్కంతా రెండోదానితోనే కాబట్టి దాన్నే చెబుతాను.

క) సీసాను బాగా గిలక్కొట్టి, గొట్టం బిగించండి. గొట్టం బిగించాక గిలక్కొడితే మీ చొక్కా పోతుంది.

చ) వాల్వ్ మూత తీసి, కిట్టులోని చిన్న పనిముట్టుతో వాల్వ్ లోపలి పిన్నును విప్పండి. సన్నటి ఇత్తడి ముక్క, అగ్గిపుల్లలో సగం ఉంటుంది. దుమ్ములో పడితే దాని రబ్బరుకు ఇసుక అంటుకుంటుంది. తర్వాత ఎంత బిగించినా గాలి అక్కడి నుంచే కారుతుంది, మీరు సీలెంట్‌ను తిట్టుకుంటారు. విప్పగానే మూతలో పెట్టి జేబులో వేసుకోండి.

ట) గొట్టాన్ని వాల్వ్‌కు తొడిగి, సీసాను పైకెత్తి తలకిందులు చేసి మొత్తం ఖాళీ అయ్యేదాకా పిండండి. సగం చాలులే అనుకోకండి. సీసా మీ టైరు కొలతకు తగినంతే ఉంటుంది.

త) పిన్ను తిరిగి బిగించి, కంప్రెసర్ తగిలించి 2.5 బార్, అంటే దాదాపు 36 పీఎస్‌ఐ దాకా గాలి నింపండి. ఈ చిన్న కంప్రెసర్లు వేడెక్కుతాయి, పది నిమిషాలు దాటించకండి. అప్పటికీ ఒత్తిడి ఎక్కకపోతే కన్నం పెద్దదని అర్థం. ఇంకో సీసా కోసం వెతకకుండా ఫ్లాట్‌బెడ్, అంటే కారును మొత్తంగా పైకెక్కించుకుని మోసే బండిని, పిలవండి.

ప) గాలి నిలిస్తే వెంటనే బయలుదేరండి. చక్రం తిరిగితేనే ద్రవం లోపలంతా పరుచుకుని కన్నం దగ్గరికి చేరుతుంది. గాలి నిండింది కదా అని టీ తాగడానికి ఆగితే ద్రవమంతా అడుగున గుంటకట్టి కూర్చుంటుంది. టీ తర్వాత.

పది నిమిషాలు నడిపి, ఆగి, గేజితో చూడండి. ఒత్తిడి 1.5 బార్, అంటే 22 పీఎస్‌ఐ కంటే కిందికి దిగితే ప్రయాణం అక్కడితో ఆపండి. దానికి పైన ఉంటే అసలు అంకె దాకా నింపి సాగండి. గంటకు 80 దాటకండి. స్టిక్కరు ఒకటి ఇస్తారు, దాన్ని స్పీడోమీటరు పక్కన అంటించండి. రోడ్డు ఖాళీగా కనిపిస్తే కాలు మాట వినదు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లకు ఇక్కడ ఒక మాట. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి వెళ్లాక చాలాచోట్ల ఫోను పలకదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలో వాహనాలను వదలరు. కాబట్టి చెక్‌పోస్టుకు ముందే టైర్ల ఒత్తిడి ఒకసారి చూసుకోండి. ఏ టైరైనా మిగతావాటికంటే రెండు మూడు పాయింట్లు తక్కువ చూపిస్తే అడవిలోకి వెళ్లకండి.

4. ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించడం

ఫోను చేసినప్పుడే "నాలుగు చక్రాలూ పైన ఉండే బండి కావాలి, కారు బాగా కిందికి ఉంటుంది" అని చెప్పండి. ముందు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే క్రేను వస్తే తిప్పి పంపండి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కార్లలో రెండు చక్రాలు రోడ్డు మీద దొర్లితే గేరుబాక్సు దెబ్బతింటుంది, దాని ఖర్చు ముందు టైరు ఖర్చు ఏ మూలకు?

ఇప్పుడు ఆ చెక్క ముక్కలు తీయండి. బండి పలక ఎంత వంచినా, కింద మొదటి జానెడు దగ్గర కారు ముందు పెదవి, అంటే బంపరు కింది అంచు, గీసుకుంటుంది. ముందు చక్రాలు మొదట చెక్కల మీదికి, అక్కడి నుంచి పలక మీదికి ఎక్కేలా అమర్చండి. మీరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పెదవికీ పలకకూ మధ్య సందు చూస్తూ ఉండండి. రెండు వేళ్లు పట్టే సందు ఉంటే రానివ్వండి. వేలు ఇరికితే ఆపించండి.

తాడు కొక్కేనికే కట్టాలి. కొక్కెం మర కొన్ని కార్లలో ఎడమ చుట్టు ఉంటుంది, తిరగడం లేదని బలవంతం చేయకుండా రెండో వైపు తిప్పి చూడండి. చివరిదాకా బిగించాలి. సగం మరతో లాగితే ఊడి అద్దం మీదికి ఎగిరి వస్తుంది, లాగుతున్నప్పుడు ఎవరూ తాడుకు ఎదురుగా నిలబడవద్దు. పైకెక్కాక పట్టీలు టైర్ల మీద నుంచి వేయించండి. సస్పెన్షన్ కడ్డీలకు గొలుసు వేస్తామంటే ఒప్పుకోకండి.

5. చక్రం విప్పాల్సి వస్తే

మీ దగ్గర సన్న స్టెప్నీ ఉంటేనో, ఇంటి గ్యారేజీలో పంక్చర్ గమనించి చక్రాన్ని మాత్రమే షాపుకు పంపాలనుకుంటేనో ఇది అవసరం. రోడ్డు పక్కన మెత్తటి మట్టిలో వద్దు.

గాలి పోయిన కారు ఇంకా కిందికి కుంగుతుంది, మామూలు జాకీ దూరదు. చదునైన నేల మీద ఆ చక్రాన్ని మెల్లగా చెక్క మీదికి ఎక్కిస్తే జాకీకి చోటు దొరుకుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి, ఎదుటి మూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. బోల్టులను చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేయండి.

జాకీ పెట్టే చోటు కారు అంచు కింద గుర్తు చేసి ఉంటుంది. అక్కడే పెట్టాలి, మధ్యలో రబ్బరు బిళ్ల ఉండాలి. పంక్చర్ షాపులో అయితే ముందుగానే "అన్నా, జాకీ అక్కడ కాదు, నేను చూపించిన చోట పెట్టు" అని చెప్పండి. అతనికి రోజూ వచ్చేవి వేరే కార్లు, మీ కారు అడుగున ఎక్కడ ప్లాస్టిక్ ఉందో ఎక్కడ ఇనుము ఉందో అతనికి తెలియాల్సిన పని లేదు.

లాకింగ్ బోల్టుకు ఎప్పుడూ చేతి పానాయే. విజయవాడ దారిలో ఒక షాపులో నేను నీళ్ల సీసా కొనుక్కుని వచ్చేసరికి అక్కడి కుర్రాడు తాళం మీద గాలి గన్ను పెట్టేశాడు. రెండు సెకన్ల మోత, ఆపై చిన్న టప్పు. తాళం లోపలి పూరేకుల్లాంటి పళ్లలో రెండు విరిగి, వెండి రంగు పొడి అతని అరచేతిలో మిగిలింది. ఆ ఒక్క బోల్టు తీయడానికి పూట పట్టింది. తప్పు కుర్రాడిది కాదు, నీళ్ల కోసం వెళ్లిన నాది.

జర్మన్ కార్లలో చాలావాటికి హబ్బు మీద నిలిచిన మరలు ఉండవు, బోల్టులే బయటి నుంచి వస్తాయి. చివరి బోల్టు తీయగానే చక్రం జారి బ్రేకు డిస్కు మీద పడుతుంది. పసుపు కాలిపర్లు (డిస్కును పట్టి ఆపే బ్రేకు భాగాలు) ఉన్న పోర్షెలో ఆ డిస్కు సిరామిక్, అంచు పెచ్చు లేస్తే డిస్కే మార్చాలి. అందుకే పైన ఉన్న బోల్టు తీసి, దాని చోట పనిముట్లలో ఉండే పొడవాటి గైడు పిన్ను తిప్పి పెట్టి, ఆ తర్వాతే మిగతావి విప్పండి. తిరిగి పెట్టేటప్పుడూ దాని మీదుగానే జరపండి.

బోల్టులను చేత్తో మొదలుపెట్టి, ఎదురెదురుగా బిగించి, కారు దించాక టార్క్ పానాతో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో, ముగించండి. ఈ తరం 911, 718 లకు 160 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవు కడ్డీ చివర 16 కిలోల బరువు వేలాడదీసినంత. కాలితో తొక్కి బిగించడం బిగించడం కాదు. 911 జీటీ3 లాంటి వాటికి మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉంటుంది, దానికి 600 న్యూటన్ మీటర్లు కావాలి. ఆ చక్రాన్ని మీరు ముట్టుకోకండి.

6. షాపులో ఏం అడగాలి

బయటి నుంచే జిగురు తాడు కుక్కి "రెండు నిమిషాల పని, సార్" అంటారు. ఇంటికి చేరడానికి అది చాలు. గంటకు 200 దాటగల కారుకు శాశ్వత మరమ్మతు అది కాదు. టైరు విప్పించండి. లోపల వేలు పెట్టి రాస్తే నల్లటి రబ్బరు పొడి అంటిందా? సైడ్‌వాల్ చుట్టూ ఉంగరంలా నలిగిన గీత ఉందా? ఉంటే గాలి లేకుండా నడిచిన టైరు అది, బయట ఎంత నిగనిగలాడినా పనికిరాదు. లేకపోతే, కన్నం రోడ్డును తాకే భాగం మధ్యలో ఉండి 6 మిల్లీమీటర్లకు మించకపోతే, లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించవచ్చు. టైరు భుజం (రోడ్డును తాకే భాగం అంచు) దగ్గర, సైడ్‌వాల్‌లో ఎవరు వేస్తామన్నా వద్దనండి. చాలా ఎక్కువ వేగాల టైర్లను అసలు బాగుచేయవద్దనే కార్ల కంపెనీలూ ఉన్నాయి. ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లయితే నా సలహా కూడా అదే.

సీలెంట్ వేసి ఉంటే విప్పక ముందే చెప్పండి. వాళ్ల చొక్కాల కోసమే కాదు, రిమ్ములోని ఒత్తిడి సెన్సారును కడగాలి కాబట్టి.

కొత్త టైరు వేయాల్సి వస్తే ఒకే ఇరుసు మీద రెండూ మార్చడం మేలు. పక్క టైరు దాదాపు కొత్తదైతేనే ఒక్కటి చాలు. పోర్షెకు సరిపడిన టైరు మీద ఎన్0, ఎన్1 లాంటి గుర్తు ఉంటుంది, బీఎండబ్ల్యూకు నక్షత్రం. నాలుగంకెల తయారీ గుర్తు కూడా చదవండి: 2324 అంటే 2024లో 23వ వారం. షాపులో చాలాకాలం పడి ఉన్న టైరు తగ్గింపు ధరకు వస్తుంటే ఆ అంకె రెండుసార్లు చూడండి. ఎక్కించేటప్పుడు బాణం గుర్తు తిరిగే దిశకు, "అవుట్‌సైడ్" అన్న పక్క బయటికి ఉండాలి. ఇది తప్పు వేసిన కార్లు నేను చూశాను, యజమానులకు వాన పడేదాకా తెలియలేదు.

7. పని సరిగా జరిగిందా?

షాపులోనే వాల్వ్ మీదా ప్యాచ్ వేసిన చోటా రిమ్ము అంచు చుట్టూ సబ్బు నీళ్లు పోయించండి. పెద్ద బుడగ ఎవరికైనా కనిపిస్తుంది. సన్నటి నురగలా మెల్లగా లేచేదే మోసం చేస్తుంది, నిమిషం పాటు చూడండి.

దారిలో 80, 100 మధ్య స్టీరింగు వణికితే బ్యాలెన్సింగ్ సరిగా లేదు, లేదా రిమ్ములో సీలెంట్ మిగిలింది. చేతులు వదులు చేస్తే ఒక పక్కకు లాగితే రిమ్ము, అలైన్‌మెంటు చూపించండి.

మర్నాడు ఉదయం కారు కదపక ముందు ఒత్తిడి చూసి రాసుకోండి, మూడో రోజు అదే సమయానికి మళ్లీ చూడండి. నిన్న వేడి టైరులో చూసిన అంకెతో ఇవాళ్టి చల్లటి అంకెను పోల్చి "ప్యాచ్ పోయింది" అని కంగారు పడకండి. నాలుగు టైర్లూ ఒకేలా తగ్గితే అది చలి, ఒక్కటే తగ్గితే అది కన్నం. చక్రం విప్పి ఉంటే 50 కిలోమీటర్లు నడిచాక బోల్టులను టార్క్ పానాతో మళ్లీ చూడండి. డాష్‌బోర్డులో కొత్త టైరు వివరాలు ఎక్కించకపోతే హెచ్చరిక దీపం పోదు, చాలామంది దాన్నే ఇంకో పంక్చర్ అనుకుని మళ్లీ షాపుకు పరుగెత్తుతారు.

ఆ సాయంత్రమే కొత్త సీలెంట్ సీసా తెప్పించి డిక్కీలో పెట్టండి, దాని గడువు తేదీని ఫోను క్యాలెండర్‌లో ఎక్కించండి. లాకింగ్ బోల్టు తాళం పనిముట్ల పెట్టెలోకి తిరిగి వచ్చిందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. సాధారణంగా అది ఇంకా టైరు షాపు బల్ల మీదే ఉంటుంది.